పండ్లూ కూరగాయలూ క్యాలరీల లెక్కలోకి వస్తాయా?

బరువు తగ్గడానికి రోజూ తిన్నది రాసుకుంటూ క్యాలరీలు లెక్కేసుకునే పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నల్లో చాలావరకు పండ్లు, కూరగాయల గురించే ఉన్నాయి. అందుకే శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

ప్రశ్న: రోజుకు 1,500 క్యాలరీలు తినమని యాప్ చెప్పింది. అన్నీ రాస్తున్నాను. నా స్నేహితురాలేమో "పండ్లు, కూరగాయలు తిని ఎవరూ లావెక్కరు, అవి రాయక్కర్లేదు" అంటోంది. తను అలాగే చేసి బరువు తగ్గింది కూడా. ఇద్దరిలో ఎవరిది సరైన పద్ధతి?

జవాబు: ఆ 1,500 అనే అంకె ఎలా వచ్చిందో ముందు చూడండి. యాప్ మీ వయసు, ఎత్తు, బరువు, రోజూ ఎంత కదులుతారు అన్నవి తీసుకుని, మీ శరీరం రోజుకు ఖర్చు పెట్టే శక్తిని అంచనా వేస్తుంది. చాలా యాప్‌లు ఇందుకు 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రాన్ని వాడతాయి. ఆ ఖర్చులోంచి కొంత కోసి (ఈ కోతనే లోటు అంటారు) మీకు 1,500 ఇచ్చింది. అంటే నోట్లోకి వెళ్లే ప్రతిదీ అందులోకే రావాలి. ఆపిల్ పండైనా సరే, దానికి మినహాయింపు లేదు.

మీ స్నేహితురాలు చెప్పే పద్ధతికి కూడా ఒక ఆధారం ఉంది. బరువు తగ్గించే కార్యక్రమాలు నడిపే వెయిట్ వాచర్స్ సంస్థ, క్యాలరీల బదులు పాయింట్లు లెక్కపెట్టేలా 2010లో తెచ్చిన విధానంలో పండ్లకు, పిండిపదార్థం తక్కువగా ఉండే కూరగాయలకు సున్నా పాయింట్లు ఇచ్చారు. అయితే అక్కడ రోజువారీ కోటాను కట్టిందే వాటిని లెక్కలోకి తీసుకోరని తెలిసి. ఆ సున్నాను తెచ్చి యాప్ ఇచ్చిన 1,500 పక్కన పెడితే లెక్క తప్పుతుంది. ఎంత తప్పుతుందో చూద్దాం.

ఒక రోజులో 150 గ్రాముల కీరదోస (22 క్యాలరీలు), 100 గ్రాముల టమాటా (18), 200 గ్రాముల క్యాబేజీ (50) తిన్నారనుకోండి. మొత్తం 90. అదే రోజు ఒక మధ్యస్థం అరటిపండు (105), ఒక మధ్యస్థం ఆపిల్ (95), 150 గ్రాముల ద్రాక్ష (104) తిన్నారు. ఇవి 304. బరువు తగ్గడానికి మీరు పెట్టుకున్న లోటు రోజుకు 400 అయితే, ఈ రెండూ రాయకపోతే 394 క్యాలరీలు లెక్కకు అందకుండా పోయినట్టే. పుస్తకంలో లోటు కనిపిస్తుంది, ఒంట్లో ఉండదు. కూరగాయలు మాత్రమే వదిలేస్తే పోయేది 90. ఏ యాప్‌లోనైనా రోజు మొత్తం మీద ఆపాటి తేడా ఎలాగూ ఉంటుంది.

కాబట్టి పండ్లను, కూరగాయలను ఒకే గాటన కట్టకండి. ఆకుకూరలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, కీరదోస, టమాటా, వంకాయ, పుట్టగొడుగులు, గుమ్మడి, బీన్స్ లాంటివి 100 గ్రాములకు 15 నుంచి 35 క్యాలరీల మధ్య ఉంటాయి. క్యారెట్ (41), బీట్‌రూట్ (43), ఉల్లిపాయ (40) కాస్త ఎక్కువైనా వాటినీ ఈ వరసలోనే ఉంచవచ్చు. వీటిని గ్రాముల్లో తూచి రాయడం వల్ల ఒరిగేది పెద్దగా లేదు. రోజుకు 400 గ్రాముల దాకా తినేవాళ్లు "కూరగాయలు – 100" అని పొద్దున్నే ఒక పద్దు రాసేసి, ఆ రోజుకు వాటి సంగతి మరిచిపోవచ్చు. సున్నా వేయడం కన్నా ఇది మంచిది. శ్రమ అంతే, లెక్క మాత్రం నిజానికి దగ్గరగా ఉంటుంది.

బంగాళాదుంప (77), చిలగడదుంప (86), పచ్చిబఠాణీ (81), మొక్కజొన్న (86) మాత్రం తూచి రాయాల్సిందే. మార్కెట్లో కూరగాయల పక్కనే ఉన్నా పళ్లెంలో ఇవి అన్నం, రొట్టెల కోవలోకి వస్తాయి. అవకాడో 100 గ్రాములకు 160, పచ్చికొబ్బరి 350 పైన. ఈ రెండింటిలో క్యాలరీలు ఎక్కువగా కొవ్వు నుంచి వస్తాయి కాబట్టి కంటి అంచనా అసలు పనికిరాదు.

మిగతా పండ్లలో ఒకదానికొకటి చాలా తేడా ఉంది. 100 గ్రాములకు పుచ్చకాయ 30, స్ట్రాబెర్రీ 32, నారింజ 47, ఆపిల్ 52, మామిడి 60, ద్రాక్ష 69, అరటి 89. రోజుకు ఒక్క పండు తినేవాళ్లు ఉజ్జాయింపుగా 80 వేసుకున్నా ఫరవాలేదు. రెండు మూడు తినేవాళ్లు తూచి రాయాలి.

మీ స్నేహితురాలు ఎలా తగ్గిందంటారా? పీచు, నీరు ఎక్కువున్నవి తిన్నప్పుడు కడుపు నిండి మిగతా భోజనం తగ్గుతుంది. కొందరిలో ఆ తగ్గుదల, రాయని పండ్ల క్యాలరీలకన్నా పెద్దది. తనకు కుదిరింది కాబట్టి తను మార్చుకోనక్కర్లేదు. మీ బరువు కదలకుండా ఆగిపోతే ముందు వెతకాల్సిన చోటు మాత్రం ఇదే.

ప్రశ్న: అరటిపండును తొక్కతో తూచాలా, ఒలిచి తూచాలా? యాప్‌లో "1 మధ్యస్థం" అని కూడా ఉంటుంది. అది వాడొచ్చా?

జవాబు: పట్టికల్లో ఇచ్చే క్యాలరీలు తినే భాగానికే. అరటిపండు బరువులో దాదాపు మూడో వంతు తొక్కే. 180 గ్రాముల పండు ఒలిస్తే 115–120 గ్రాములే మిగులుతుంది. తొక్కతో తూచి 180 అని రాస్తే 105 ఉండాల్సిన చోట 160 పడుతుంది.

ఒలవకుండా తినే పండ్లకు తేలిక దారి ఒకటుంది. తినకముందు పండును తూచి ఆ అంకె గుర్తుపెట్టుకోండి. తిన్నాక మిగిలిన గింజల భాగం, తొడిమ, తొక్క, టెంక ఏదుంటే అది తూచి తీసేయండి. మామిడి, పుచ్చకాయలకు ఈ పద్ధతే నమ్మదగినది. కాయ కాయకూ టెంక, తొక్క వాటా మారిపోతుంది కాబట్టి "ఇంత శాతం తీసేయండి" అని ఒక సూత్రం చెప్పలేం.

"1 మధ్యస్థం" అంటే అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం ఆపిల్ అయితే 182 గ్రాములు, ఒలిచిన అరటిపండు అయితే 118 గ్రాములు. మీరు కొనే ఆపిల్‌ను నాలుగైదుసార్లు తూచి చూడండి. 240 గ్రాములు వస్తుంటే మీ ఒక్క పండు వాళ్ల ఒకటింపావు పండుకు పైనే.

ప్రశ్న: కూర వండాక బరువు మారిపోతుంది. పచ్చివి తూచాలా, వండినవి తూచాలా? నలుగురికీ కలిపి వండినప్పుడు నా వాటా ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఉడికితే నీరు పోతుంది లేదా చేరుతుంది. క్యాలరీలు దాదాపు అలాగే ఉంటాయి. అందుకే పచ్చి బరువు రాస్తే పచ్చిదాని పద్దు, వండిన బరువు రాస్తే వండినదాని పద్దు ఎంచుకోవాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పాలకూర, పుట్టగొడుగులు వండితే బాగా కుంచించుకుపోతాయి. వండిన 100 గ్రాములను పచ్చి 100 గ్రాములుగా రాస్తే తక్కువ పడుతుంది. వీలున్నప్పుడల్లా పచ్చివే తూచడం మేలు, ఎందుకంటే వండినదాంట్లో నీరు ఎంత ఇగిరిందో ఏ పట్టికకూ తెలియదు.

అందరికీ కలిపి వండేటప్పుడు ఇలా చేయండి. ముందు ఖాళీ గిన్నె తూచి ఆ బరువు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఒక గిన్నెకు ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత గిన్నెలో పడే ప్రతిదాన్నీ పచ్చిగా తూచి రాయండి. ఉదాహరణకు కాలీఫ్లవర్ 500 గ్రాములు (125 క్యాలరీలు), ఉల్లిపాయ 150 గ్రాములు (60), టమాటా 200 గ్రాములు (36), నూనె 2 టేబుల్ స్పూన్లు, అంటే 27 గ్రాములు (240). మొత్తం 461. వండడం అయ్యాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. కూర 600 గ్రాములు వచ్చిందనుకుంటే గ్రాముకు 0.77 క్యాలరీ. మీరు 180 గ్రాములు వడ్డించుకుంటే 138.

ఆ 461లో నూనె వాటా చూశారా? సగం దాటింది. 850 గ్రాముల కూరగాయలు కలిపి 221 అయితే, 2 స్పూన్ల నూనె ఒక్కటే 240. కాలీఫ్లవర్ రాయాలా వద్దా అని మథనపడుతూ నూనెను కంటి అంచనాతో పోసేవాళ్లు ఎందరో. మీరు ఒక్కటే తూచగలిగితే నూనెనే తూచండి. నూనె సీసాను కాటా మీద పెట్టి సున్నా చేయండి. సీసా తీసి గిన్నెలో పోసి మళ్లీ కాటా మీద పెడితే మైనస్ గుర్తుతో ఎన్ని గ్రాములు చూపిస్తే అంత పోసినట్టు. గ్రాముకు 9 క్యాలరీలు వేసుకోండి. స్పూనుతో కొలిచేటప్పుడు అంచు దాటి ఉబ్బెత్తుగా నిలిచే నూనె, స్పూనులోంచి పక్కకు కారేది లెక్కలోకి రావు. కాటాతో ఆ ఇబ్బంది ఉండదు.

మధ్యలో పోసిన నీళ్లకు క్యాలరీలు ఉండవు కాబట్టి రాయనక్కర్లేదు. చివరి బరువులో మాత్రం అవీ ఉంటాయి. అందుకే దించిన వెంటనే తూచి, అప్పుడే వాటా తీసుకోవాలి. మర్నాడు వేడి చేసి మరికాస్త ఇగరబెడితే గ్రాముకు క్యాలరీలు పెరుగుతాయి. అప్పుడు మిగిలిన కూరను మళ్లీ తూచి, మిగిలిన క్యాలరీలను ఆ కొత్త బరువుతో భాగించండి.

ప్రశ్న: సెలరీ, కీరదోస లాంటివి అరిగించుకోవడానికే వాటిలో ఉన్నదానికన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుందట. నిజమేనా?

జవాబు: కాదు. 100 గ్రాముల సెలరీలో 14–16 క్యాలరీలుంటాయి. పిండిపదార్థాన్ని అరిగించి వాడుకోవడానికి శరీరం పెట్టే ఖర్చు దానిలోని శక్తిలో 5–10 శాతమే. కాబట్టి మిగులు ఉంటుంది, కానీ చాలా కొంచెం.

ప్రశ్న: పండు తినడం, రసం తాగడం ఒకటే కదా? ఎండు పండ్లు కూడా పండ్లే కదా? పండ్లన్నిటికీ కలిపి రోజుకు 150 అని వేసుకుంటున్నాను.

జవాబు: తాజా పండ్లకు ఆ పద్ధతి కొంతవరకు నడుస్తుంది. రసానికి, ఎండు పండ్లకు నడవదు.

ఒలిచిన నారింజ ఒకటి 130 గ్రాములుంటే 60 క్యాలరీల చిల్లర. 250 మిల్లీలీటర్ల నారింజ రసం పంచదార కలపకపోయినా 110 పైన. అది రెండు మూడు పండ్లు పిండితేగానీ రాదు. అన్ని పండ్లు ఒలుచుకుని నమిలి తినాలంటే టైమ్ పడుతుంది, కడుపూ నిండుతుంది. రసం ఒక్క నిమిషంలో లోపలికి పోతుంది. పీచు పిప్పిలోనే ఉండిపోతుంది కాబట్టి ఆకలి తొందరగా వేస్తుంది. స్మూతీలో పిప్పి పారేయరు కాబట్టి అది కాస్త నయం. అయినా అందులో పడే పాలు, తేనె, గింజల వెన్న వేటికవి విడిగా రాయాలి. "స్మూతీ – 1 గ్లాసు" అన్న పద్దును నమ్మకండి.

ఎండు పండ్లలో పోయింది నీరు మాత్రమే, చక్కెర అంతా ఉంది. ద్రాక్ష 40 గ్రాములు 28 క్యాలరీలైతే ఎండుద్రాక్ష 40 గ్రాములు 120. గింజ తీసిన పెద్ద మెజూల్ ఖర్జూరం ఒక్కటి 66. యాప్‌లో వెతికేటప్పుడు "ద్రాక్ష" పద్దు నొక్కి "ఎండుద్రాక్ష" బరువు వేస్తే నాలుగు వంతులున్న చోట ఒక వంతే పడుతుంది. డబ్బాలో పాకంతో వచ్చే పండ్లను కూడా తాజా పండు పద్దులో రాయకూడదు. పాకం వంపేసి తిన్నా ముక్కలు కొంత చక్కెర పీల్చుకునే ఉంటాయి.

ప్రశ్న: ఒకే ఆపిల్‌కు ఒక్కో యాప్ ఒక్కో అంకె చూపిస్తోంది. పైగా పిండిపదార్థాన్ని 4తో, ప్రొటీన్‌ను 4తో, కొవ్వును 9తో గుణిస్తే వచ్చేది యాప్‌లో ఉన్న క్యాలరీలతో కలవడం లేదు. ఏది నమ్మాలి?

జవాబు: మీరు గుణించి చూడటం మంచి అలవాటు. ఇక్కడ మాత్రం తేడా రావడం సహజమే. 4, 4, 9 అనేవి అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ పరిశోధనల నుంచి వచ్చిన అంకెలు. ఇవి అన్ని రకాల ఆహారానికీ కలిపి సర్దిన సగటులు. పండ్లలోని పిండిపదార్థంలో పీచు, ఆమ్లాలు కూడా ఉంటాయి. వాటి నుంచి శరీరానికి వచ్చే శక్తి తక్కువ కాబట్టి, అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక పండ్ల పిండిపదార్థానికి గ్రాముకు 3.6 వేస్తుంది. 100 గ్రాముల ఆపిల్‌లో పిండిపదార్థం 13.8 గ్రాములు. 4తో గుణించి మిగతావి కలిపితే 58 దాకా వస్తుంది, 3.6తో అయితే 52. పట్టికలో ఉన్నది 52.

అందుకే పీచును విడిగా తీసేసి మళ్లీ తగ్గించుకోకండి. ఆ తగ్గింపు 52లో ముందే ఉంది. ఇంకోసారి తీసేస్తే ఒకే పీచును రెండుసార్లు తీసేసినట్టవుతుంది. ఐరోపా లేబుళ్లలో "కార్బోహైడ్రేట్" (పిండిపదార్థం) అన్న వరసలో పీచు కలవదు, దాన్ని వేరే చూపిస్తారు. అమెరికా లేబుళ్లలో కలిసే ఉంటుంది. రెండు చోట్ల పొట్లాలు పోల్చేవాళ్లు ఇది గమనించాలి.

అంకె మరీ నాలుగింతలు కనిపిస్తే అది కిలోజౌల్స్‌లో ఉందేమో చూడండి. కిలోజౌల్ కూడా శక్తిని కొలిచేదే. మనం మామూలుగా క్యాలరీ అనే ఒక కిలోక్యాలరీకి 4.184 కిలోజౌల్స్. 52 క్యాలరీల ఆపిల్ అక్కడ 218 అని కనిపిస్తుంది. వాడుకరులు తామే ఎక్కించిన పద్దుల్లో ఈ తప్పు, ఇంకా "100 గ్రాములు" బదులు "1 పండు" అని వేసే తప్పు తరచూ ఉంటాయి. మీరు మామూలుగా తినే పండ్లు, కూరగాయలకు సరైన పద్దులు ఒకసారి వెతికి, యాప్‌లో ఇష్టమైనవాటిగా దాచుకుని, ఎప్పుడూ అవే వాడండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. కూరగాయలు, పండ్లు రాయకుండా వదిలేయవచ్చా?

జవాబు: భోజనంలోని పిండిపదార్థాన్ని బట్టి ఇన్సులిన్ మోతాదు వేసుకునేవారైతే పండ్లు, దుంపలు, బఠాణీ, మొక్కజొన్న వదలకూడదు. ఆయనకు చూడాల్సింది క్యాలరీలు కాదు, పిండిపదార్థం గ్రాములు. తినే భాగం తూకంలో 15 గ్రాముల పిండిపదార్థం ఇచ్చేవి సుమారుగా: అరటి 65 గ్రాములు, ద్రాక్ష 80, ఆపిల్ 110, పుచ్చకాయ 200. క్యాలరీలు తక్కువని పుచ్చకాయ లెక్క లేకుండా తినేస్తే ఇక్కడే తేడా కొడుతుంది. ఆకుకూరలు, కీరదోస లాంటివాటిని మామూలు మోతాదులో వదిలేయవచ్చా అన్నది, మోతాదుల్లో ఏ మార్పు చేయాలన్నా, ఆయన డాక్టర్‌ను అడిగే చేయండి. కిడ్నీ సమస్య కూడా ఉంటే పొటాషియం కోసం పండ్లు, కూరగాయల ఎంపికే మారిపోవచ్చు.

ప్రశ్న: రాత్రయ్యేసరికి 60 క్యాలరీలే మిగులుతున్నాయి. లక్ష్యం దాటకూడదని పండు మానేస్తున్నాను. ఈమధ్య క్యారెట్ తినాలన్నా భయమేస్తోంది.

జవాబు: పండు మానకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు సూచిస్తోంది, బంగాళాదుంప లాంటి దుంపలు కాకుండా. లెక్క రాసేది వాటిని తీసేయడానికి కాదు. రేపటి నుంచి పొద్దున్నే పండ్లకు 150, కూరగాయలకు 100 ముందుగా పక్కన పెట్టి, మిగిలిన వాటిలో తక్కిన భోజనం సర్దుకోండి. ఈ రాత్రి 60 మిగిలి 95 క్యాలరీల ఆపిల్ తింటే దాటేది 35. ఏ కాటాతో, ఏ యాప్‌తో లెక్కేసినా అంత తేడా మామూలే.

మీ ఉత్తరంలో మాకు దిగులు కలిగించింది ఆ చివరి మాట. ఒక క్యారెట్‌లో 25–30 క్యాలరీలుంటాయి. దాన్ని చూసి భయం వేస్తోందంటే ఆ లెక్క మీకు మేలు చేయడం లేదు. వెంటనే కూరగాయలు రాయడం ఆపేయండి, ఏ అంకే వేయకండి. రెండు వారాల్లో భయం తగ్గకపోయినా, భోజనాలు మానడం, నలుగురితో కలిసి తినలేకపోవడం మొదలైనా, లెక్క పూర్తిగా పక్కన పెట్టి డాక్టర్‌తో గానీ మానసిక నిపుణులతో గానీ మాట్లాడండి. ఇది మనోబలం లేకపోవడం కాదు, చికిత్స ఉన్న సమస్య. మొదట్లోనే వెళితే తేలిగ్గా తగ్గుతుంది.

ప్రశ్న: నేను పండ్లు, కూరగాయలు రాయను. అయినా అంతా బాగానే ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: నాలుగు వారాల బరువు చూసుకోండి. రోజూ పొద్దున ఒకే వేళకు, ఏమీ తినకముందు తూచుకుని వారానికొక సగటు తీయండి. ఒక కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు. రోజుకు 400 లోటు నిజంగా ఉంటే 28 రోజులకు 11,200, అంటే కిలోన్నరకు కాస్త తక్కువ తగ్గాలి. లెక్క మొదలుపెట్టిన తొలి వారంలో పోయే బరువులో నీరు ఎక్కువ కాబట్టి ఆ వారాన్ని ఇందులో కలపకండి. నెలసరి వచ్చే స్త్రీలు ఈ నెల, పోయిన నెల అవే రోజులను పోల్చుకోవాలి. మధ్యలో నీరు చేరి బరువు పైకీ కిందకీ ఊగుతుంది.

అనుకున్నంతకు దగ్గరగా తగ్గుతుంటే మీ పద్ధతి మార్చనక్కర్లేదు. సగమే తగ్గితే రోజుకు 200 ఎక్కడో లెక్క తప్పుతున్నట్టు. అప్పుడు ఒక్క వారం పండ్లు, దుంపలు, రసాలు, సలాడ్ మీద పోసే నూనె, డ్రెస్సింగ్ అన్నీ తూచి రాయండి. సలాడ్ ఆకులు ఆ వారం కూడా రాయనక్కర్లేదు. ఆ 200 పండ్లలో దొరికితే వాటిని రాయడం మొదలుపెట్టండి. నూనెలో దొరికితే పండ్లు ఎప్పటిలాగే తినండి, నూనె సీసాను కాటా పక్కన పెట్టుకోండి.